సోమవరం నైట్ క్లబ్బు

కార్తీక శుద్ధ నవమి

ఇన్నాళ్లూ ఏ కష్టమొచ్చినా దేవుడికి చెప్పుకునేదాన్ని. ఆయన వింటాడు, అందులో నాకు సందేహం లేదు. కానీ మా రాత్రి అధికారి పట్టాభి గారి ముందుకొచ్చి సాక్ష్యం చెప్పడు కదా. నిన్న తెల్లారాక పెట్టిన మీటింగులో పట్టాభి గారు మైకులో అన్నారు: "మగత వల్ల మతిమరుపు వస్తోందని ఇంతవరకూ ఒక్కరు కూడా రాసివ్వలేదు." అందరం తలలు దించుకుని కూర్చున్నాం. పదో తరగతి పరీక్షల తర్వాత నేను సరుకుల చీటీలు తప్ప ఇంకేమీ రాయలేదు. ఇవాళ మొదలుపెడుతున్నాను.

నా పేరు మాణిక్యాంబ. సోమవరం వంటశాలలో పని. ఊరు మొత్తం చంద్రుడి మీద ఒక కొండ కడుపులో ఉంది. ఇక్కడ పగలొక పక్షం, రాత్రొక పక్షం. ఎండ ఉన్నన్నాళ్లూ కరెంటుకి కొదవ లేదు. పొద్దు గూకిందంటే అన్నిటికీ లెక్కే, ఊపిరికి కూడా. అందుకని రాత్రి పని లేనివాళ్లందరికీ బహుళ అష్టమి నాడు సూది వేసి మగతలో పడుకోబెడతారు. మగతలో ఉన్న మనిషికి గాలీ తిండీ నాలుగో వంతు సరిపోతాయట. మళ్లీ శుద్ధ అష్టమికి తెల్లారితే లేపుతారు.

నన్ను అందరికంటే ముందు లేపుతారు, తర్వాత లేచినవాళ్లకి గంజి పోయడం నా వంతు. నిన్న మా తోడికోడలు రాజ్యం గిన్నె పట్టుకుని వరసలో వచ్చింది. నా మొహంలోకి చూసి, "కొంచెం ఉప్పు వేస్తారాండీ?" అంది.

గరిటె జారింది. ఇక్కడ ఏదైనా చేతిలోంచి జారితే మెల్లగా పడుతుంది, పట్టుకోవడానికి కావలసినంత టైముంటుంది. అయినా పట్టుకోలేదు.

రాజ్యం నన్ను "అండీ" అంది! నేను కాపరానికొచ్చిన పదేళ్లకి మా మరిది చెయ్యి పట్టుకుని మా ఇంట్లో అడుగుపెట్టింది. ఆ మొదటిరోజే నా పులుసు నోట్లో పెట్టుకుని, "అక్కా, ఇది తినడానికా, గోడలకి వెయ్యడానికా?" అన్న మనిషి. తోడికోడళ్లం ఎన్ని పోట్లాడుకున్నామో! మాటకి మాట బాకీ ఉంచేది కాదు. మా మరిది పంపుల సొరంగంలో పోయిన రోజున కూడా, నేను ఏడుస్తుంటే, "నీ ముక్కు తుడుచుకో అక్కా, చూడలేకపోతున్నాను" అంది. అలాంటిది నిన్న ఎంత మర్యాదగా మాట్లాడిందో. నేనెవరో తనకి తెలియలేదు.

డాక్టర్ షకీలా గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ చాలాసేపు పరీక్షించి, తలుపు వేసి, అప్పుడు చెప్పింది. "అందరికీ పడదమ్మా ఇది. ఈవిడకి అసలు పడలేదు. ఇంకో రెండు మూడు రాత్రులు ఇలాగే పడుకోబెడితే మాట పూర్తిగా పోవచ్చు."

"మరి ఆపండి."

"నా చేతిలో లేదు. రాత్రి పని ఉన్నవాళ్లకే మినహాయింపు."

ఏకాదశి

రాజ్యానికి రాత్రి పని ఇప్పించమని పట్టాభి గారిని అడిగాను. మర్యాదస్తుడే. కుర్చీ వేసి కూర్చోబెట్టి, "ఖాళీలు లేవు మాణిక్యాంబ గారూ, కొత్త పని ఏదైనా పుట్టుకొస్తే చూద్దాం" అన్నారు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయనకి మగతంటే ప్రాణం. పెళ్లాం సణుగుడు లేని పక్షం ఏ మగాడికి చేదు?

"రాత్రి పూట కొత్త పని ఎక్కణ్ణించి పుడుతుందే? నైట్ క్లబ్బేమన్నా పెడతావా?" అని నవ్వారు.

గాలి మిషన్ల మస్తాన్ అప్పుడు మా గదిలో గొట్టం బిగిస్తున్నాడు. ముప్పై దాటినవాడు, నోరు ఊరుకోదు. వాడూ నవ్వాడు.

"నైట్ క్లబ్బంటే ఏమిటి నాయనా?" అన్నాను.

"భూమ్మీద ఉంటాయి పిన్నిగారూ. రాత్రంతా మేలుకుని పాటలు పెట్టుకుని గెంతుతారు. పనేం ఉండదు. తెల్లారేదాకా అంతే."

"అంటే జాగారమేగా."

మస్తాన్ స్పానరు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మా ఆయన నవ్వాపేసి, "భజనలు చేసుకునేదానివి, ఏం మాటలవి" అన్నారు.

మస్తాన్ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "పిన్నిగారూ, రాత్రి డ్యూటీలో నలభై మందిమి ఉంటాం. ఒక్కొక్కడు ఒక్కో సొరంగంలో. డ్యూటీ దిగాక వెళ్లడానికి చోటుండదు. కిందటి రాత్రి నేను పంపుకి పేరు పెట్టి పలకరించాను. అది పలికినట్టు కూడా అనిపించింది. మీరు నిజంగా పెడితే మొదట వచ్చేది నేనే."

పౌర్ణమి

నెత్తి మీద సూర్యుడు. మూడు రోజులుగా డ్యూటీ అయ్యాక నేనూ మస్తానూ చోటు వెతుకుతున్నాం. క్లబ్బు పెట్టాలంటే ముందు ఆలోచించాల్సింది డప్పు గురించో దీపాల గురించో అనుకున్నాను. కాదు. ముందు నిద్రపోయేవాళ్ల గురించి ఆలోచించాలి. మగతలో ఉన్న మనిషికి సగం మెలకువ వస్తే ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది. రాయి గుండా చప్పుడు చాలా దూరం పోతుంది. పడక వరసలకి ఆనుకున్న చోట్లన్నీ వదిలేశాం. చివరికి పాత నీళ్ల ట్యాంకు దొరికింది. నీళ్లు పోసి ఏళ్లయింది. గుండ్రంగా, మా వంటశాలలో సగం ఉంటుంది. నేను నిలబడి "నమశ్శివాయ" అంటే అది ట్యాంకంతా తిరిగొచ్చి మళ్లీ నా చెవిలో పడింది. ఆ చోటు నచ్చింది.

మస్తాన్ అందులో ఒక్క గెంతు గెంతి పైకప్పుకి తల కొట్టుకున్నాడు. ఇక్కడ మనిషి బరువు ఆరో వంతే కదా, కోలాటం అడుగు గట్టిగా వేస్తే పైకి లేచిపోతాం. కాబట్టి పరుపులు నేల మీద కాదు, పైన కట్టాలి. పాత పరుపుల కోసం బట్టల గదిలో అడిగాను.

తలుపు ఒకటే ఉంది. ఒక తలుపున్న చోట జనాన్ని కూర్చోబెట్టకూడదు. మా మరిది పోయిన సొరంగానికి రెండో తలుపుంటే వాడు ఇవాళ బతికుండేవాడు. మస్తాన్ ఏమీ అడక్కుండా వెనక పక్క గోడ కొయ్యడం మొదలుపెట్టాడు.

తర్వాత మందు సంగతి. "క్లబ్బంటే మందుండాలి పిన్నిగారూ, లేకపోతే ఎవడొస్తాడు?" అన్నాడు.

"తాగితే ఏమవుతుంది?"

"మత్తుగా ఉంటుంది. అన్నీ మర్చిపోతాం."

"ఆ పని చెయ్యడానికి పట్టాభి గారు ఉన్నారుగా, సూది పట్టుకుని. మన దగ్గర పానకం. మిరియాలు దండిగా వేస్తాను."

వాడు మళ్లీ గోడ కొయ్యడానికి వెళ్లాడు.

బహుళ పంచమి

క్లబ్బుని రాత్రి పనిగా ఒప్పుకోమని నేను పెట్టిన కాగితం పట్టాభి గారు తిప్పి పంపారు. వినోదం రాత్రి పని కిందకి రాదట.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎప్పటిలాగే మైకులో రాత్రి ప్రకటన చదివారు. చంటిపిల్లలకి కూడా అది కంఠతా వచ్చు. "రాత్రి అనగా సూర్యాస్తమయం మొదలు సూర్యోదయం వరకు. రాత్రివేళ విధి నిర్వహణలో లేనివారు మేలుకొని ఉండరాదు. మతాచారం ప్రకారం నెలకు ఒక రాత్రి జాగారం ఉండువారికి మినహాయింపు కలదు." ఊరు కట్టినప్పుడు భూమ్మీద కూర్చుని రాసిన మాటలు ఇవి. ఆ మినహాయింపు కింద ఏ ముసలమ్మో ఏడాదికోసారి మహాశివరాత్రి అయ్యేదాకా ఆగి సూది వేయించుకునేది. అంతకు మించి ఎవరూ అడగలేదు.

నేను వడ్డిస్తున్నదాన్ని ఆగిపోయాను. నా గొంతు చిన్నది, పక్క బల్లకి కూడా వినపడదు. గరిటెతో గిన్నె మీద కొట్టాను. హాలంతా నా వైపు తిరిగింది.

"పట్టాభి గారూ, ఒక రాత్రి అంటే సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకానే కదండీ?"

ఆయన ముద్ద కలుపుతూ, "అవునమ్మా, ఇప్పుడే కదా చదివారు" అన్నారు.

"అయితే ఒక రాత్రి జాగారమంటే పక్షం అంతా. నెలనెలా బహుళ చతుర్దశికి మాస శివరాత్రి వస్తుంది. అది మన రాత్రికి దాదాపు నడుమ పడుతుంది. నేను జాగారం ఉంటాను. మా రాజ్యం ఉంటుంది. ఉండాలనుకున్నవాళ్లు ఎవరైనా ఉండొచ్చు."

ఎవరో కిసుక్కున నవ్వారు. పట్టాభి గారు నవ్వలేదు. "మాస శివరాత్రికి జాగారం ఎవరు చేస్తారమ్మా? మహాశివరాత్రికి కదా."

"చేసేవాళ్లు చేస్తారు. శివుడి తలమీద చంద్రుడుంటాడంటారు. అంటే మనం ఉన్నది ఆయన నెత్తి మీద. నెత్తినెక్కి కూర్చుని, ఆయన రాత్రికే గుర్రుపెట్టి నిద్రపోతే బాగుంటుందా?"

ఈసారి హాలంతా నవ్వింది. ఆయన చెయ్యి కడుక్కుని నెమ్మదిగా నా దగ్గరికొచ్చారు. కోపం లేదు, అదే భయం వేసింది. "సరే. జాగారం మీ హక్కు. కానీ జాగారం వెంట ఉపవాసం కూడా ఉండాలి కదా? ఉండేవాళ్లకి పక్షం పాటు రేషన్ ఆపుతున్నాను. గాలి ఇస్తాను, గాలి ఆపే మనిషిని కాదు. ఈ ఊళ్లో గాలి ఎంతుందో నాకు తెలుసు, రాత్రంతా దాన్ని కాసేది నేను. తిండి మాత్రం లేదు."

ఆయన వెళ్లిపోయారు.

వంటశాలలో గిన్నెలు కడుగుతుంటే దర్జీ వీరాస్వామి గారు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. నిరుడు లేచాక సూదిలో దారం ఎక్కించడం మర్చిపోయారు, మళ్లీ చిన్నపిల్లాడిలా నేర్చుకున్నారు. "నా పేరు కూడా రాసుకో అమ్మా. పస్తులుంటే చస్తాను, అంతేగా. మర్చిపోయి బతకడం కంటే మేలు." ఆ సాయంత్రానికి పదకొండు మందిమి అయ్యాం.

బహుళ అష్టమి

పొద్దు గూకింది. సూదులు మొదలయ్యాయి. మా ఆయన పడక మీద కూర్చుని చొక్కా చెయ్యి మడిచారు. "ఆకలేస్తే మొండికెయ్యక డాక్టరు దగ్గరికి పో" అన్నారు. తర్వాత దిండు కింద నుంచి చిన్న మూట తీసి నా ఒళ్లో పడేశారు. వేయించిన శనగలు. తన పగటి రేషన్లోంచి పక్కన పెట్టినవి. "ఎలకలు తింటాయని దాచాను" అన్నారు. ఇక్కడ ఎలకలు లేవు.

ఆయన కళ్లు మూతలు పడేదాకా కూర్చున్నాను.

మస్తాన్ రాత్రి డ్యూటీ వాళ్లందరితో మాట్లాడి వచ్చాడు. "పిన్నిగారూ, క్లబ్బుల్లో లోపలికి రావడానికి టికెట్టుంటుంది. మనం కూడా పెడదాం. ఒక మనిషికి ఒక గుప్పెడు. అటుకులో, బొరుగులో, ఎవడి రేషన్లోంచి వాడు తేవాలి. ఉపవాసమున్నవాళ్లు ఫలహారం చెయ్యొచ్చు కదా?"

"చెయ్యొచ్చు. మా పుట్టింట్లో ఉపవాసమంటే ఉప్పుడు పిండి రెండు పళ్లేలు."

"మాకూ జాగ్నేకీ రాత్ ఉంది, మేలుకుని ఉండే రాత్రి. మా నాన్నమ్మ ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వకుండా హల్వా పెట్టేది. నాకేం కొత్త కాదు."

బహుళ దశమి

తెరిచాం. నలభై మందిలో నలుగురు వచ్చారు. నాలుగు గుప్పెళ్లు. పదకొండు కడుపులు.

వచ్చిన నలుగురూ గోడవారన నిలబడ్డారు, పెళ్లిచూపులకొచ్చినట్టు. మేం విరిగిన గొట్టాల ముక్కలతో కోలలు చేశాం. పాట నేనే ఎత్తుకున్నాను. నా చిన్న గొంతే ట్యాంకులో పది మంది గొంతై వచ్చింది. ఆడేవాళ్లు మాత్రం లేరు. రాజ్యం ఒక మూల కూర్చుని తన కోలని తిప్పితిప్పి చూస్తోంది, అదేమిటో తెలియనట్టు.

"ఏమండీ, దీంతో ఏం చేస్తారు?" అని నన్ను అడిగింది.

"ఎవరి నెత్తి మీదైనా కొట్టు" అన్నాను.

తిరిగొచ్చి శనగలు పంచాను, మనిషికి పదేసి కూడా రాలేదు. మా జాగారమంటే సూది వద్దనడమే, రోజూ కాస్త నిద్రపోతాం. ఇవాళ పడుకుంటే నిద్ర పట్టలేదు. ఆకలికి కాదు. వీళ్లందర్నీ పస్తులు పెట్టి చంపుతున్నానేమోనని.

బహుళ చతుర్దశి, మాస శివరాత్రి

నిండిపోయింది! రెండు తలుపుల్లోంచీ వచ్చారు. ఆ నలుగురూ తమ తమ సొరంగాలకి వెళ్లి ఏం చెప్పారో ఏమో. గుప్పెళ్లతో రెండు గంపలు నిండాయి. ఒకడు గుప్పెడు పెద్దగా కనబడాలని చేతికి తొడుగు వేసుకుని తెచ్చాడు. ఒకామె ఎండు ఖర్జూరాలు తెచ్చింది, ఎన్నాళ్లు దాచుకుందో.

మస్తాన్ గాలి మీటరు పట్టుకుని లెక్క చెప్పాడు. గెంతే మనిషి కూర్చున్న ముగ్గురి గాలి పీలుస్తాడట. అందుకని సగంమంది ఆడాలి, సగంమంది కూర్చుని పాడాలి, తర్వాత మార్చుకోవాలి. భజనలో ఎప్పుడూ ఉన్న పద్ధతే ఇది. అందరూ ఒకేసారి ఎగరాలనుకునే చోట క్లబ్బు పెట్టకూడదు.

ఆటలో పైకి లేచినవాళ్లు పరుపులకి తగిలి కిందికి మెల్లగా దిగుతుంటే, కిందివాళ్లు కోల తగిలించడానికి ఎదురుచూస్తుంటే, పాట ఎంత నిదానంగా సాగదీయాల్సి వచ్చిందో! ఇంత నెమ్మదైన కోలాటం ముక్కోటి దేవతలూ చూసి ఉండరు. వీరాస్వామి గారు రెండు సార్లు పైకప్పు తాకి, "నేనింకా ఉన్నానురోయ్" అని కేక పెట్టారు.

నడుమ పట్టాభి గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పాట ఆగింది. నేను వెళ్లి, "రండి బాబూ. గుప్పెడు తెచ్చారా?" అని అడిగాను.

"నేను తనిఖీకి వచ్చాను."

"తనిఖీ చేసుకోండి. రెండు తలుపులు, పైన పరుపులు, మీటరు మస్తాన్ చేతిలో. ఆడాలన్నా కూర్చోవాలన్నా మాత్రం గుప్పెడు తేవాలి. ఎవరికైనా ఒకటే రూలు."

ఆయన లోపల అందర్నీ ఒకసారి చూశారు. రాత్రుళ్లు ఆయన కూడా ఒంటరిగానే ఉంటారని అప్పుడు తోచింది నాకు. జాలి వేసింది. అయినా పక్కకి జరగలేదు. ఆయన మీటరు చూసుకుని వెళ్లిపోయారు.

అమావాస్య

రాజ్యం కనబడలేదు.

ట్యాంకులో లేదు, వంటశాలలో లేదు. పడక వరసల్లో తన మంచం ఖాళీ, పడుకోవడానికన్నట్టు దుప్పటి పరిచి ఉంది. పరుగెత్తాను. ఇక్కడ పరుగంటే గాల్లో తేలడమే, తొందరగా అయ్యే పని కాదు. వైద్యశాల పైకప్పులో అద్దపు కిటికీ ఉంది. అమావాస్యకి భూమి నిండుగా ఉంటుంది మాకు. ఆ నీలం వెలుగులో రాజ్యం చెయ్యి చాపి కూర్చుంది. డాక్టరమ్మ సూది పట్టుకోలేదు, ఊరికే చేతులు కట్టుకుని నిలబడింది.

"అడుగుతోంది. ఎవరైనా అడిగితే కాదనే హక్కు నాకు లేదు. మీరొస్తారని ఆగాను" అంది.

"రాజ్యం, ఏమిటిది?"

చెయ్యి దించకుండానే చెప్పింది. "అక్కడ ఆయనున్నాడు."

"ఎక్కడ?"

"మగతలో. రోజూ వస్తాడు. సొరంగంలోంచి బయటికొచ్చి చేతులు దులుపుకుంటాడు. మీరు నన్ను ఇక్కడ ఉంచేస్తే ఆయనొచ్చి వెతుక్కుంటాడండీ."

నేనిన్నాళ్లూ పట్టాభి గారితోనే పోట్లాడుతున్నాననుకున్నాను. మా మరిదితో కూడా పోట్లాడుతున్నానని తెలియలేదు. ఆ అబ్బాయిని నేను ఎత్తుకుని పెంచానని కాదు గానీ, కాపరానికొచ్చినప్పుడు వాడింకా నిక్కర్లలో ఉన్నాడు. ఏం చెప్పను? రాడని చెప్పనా? నాకేం తెలుసు, వస్తాడేమో.

పక్కన కూర్చున్నాను. "నీ ఇష్టం. పడుకుంటానంటే పడుకో. కాకపోతే కోలాటానికి జతలు కావాలి. నువ్వు లేకపోతే ఒకరు తగ్గుతారు. మస్తాన్‌కి జత ఉండదు."

"వాడితోనా?" అంది.

"ఏం, వాడికేం?"

"వాడు కాళ్లు తొక్కుతాడు. నిన్నంతా నా బొటనవేలు పచ్చడి చేశాడు. పంపులు తిప్పుకోక వాడికెందుకు కోలాటం?"

డాక్టరమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

"మరి వాడికి నేర్పేదెవరు? నేనా, నా గొంతు వాడికి వినబడదు" అన్నాను.

రాజ్యం చాపిన చేతిని చూసుకుంది. భూమిని చూసింది. చీర కొంగు దులిపి లేచింది. "రేపు పడుకుంటాను" అంది డాక్టరమ్మతో.

 

మార్గశిర శుద్ధ పంచమి

రాజ్యం రోజూ "రేపు పడుకుంటాను" అనే అంటోంది. గంపలు పలచబడ్డాయి. డ్యూటీ వాళ్ల రేషన్ కూడా ఎంతని? అయినా రావడం మానలేదు. గుప్పెట్లో పది గింజలున్నా గుప్పిలి మూసి తెస్తున్నారు, ఎవరిదెంతో ఎదుటివాడికి తెలియకుండా. నేనూ గంపలో చెయ్యి పెట్టించే పోయించుకుంటున్నాను, చూడను. వీరాస్వామి గారికి కళ్లు తిరిగాయి. పానకం పట్టించి కూర్చోబెడితే, "ఆడను గానీ పాడతాను, నా టికెట్టు తీసెయ్యకు" అన్నారు. పదకొండు మందిలో ఒక్కరు కూడా సూదికి వెళ్లలేదు.

శుద్ధ నవమి

నిన్న తెల్లారింది. అందరికంటే ముందు రాజ్యాన్ని డాక్టరమ్మ పరీక్షించింది. నేను గోడకి ఆనుకుని విన్నాను. తన పేరు చెప్పింది. మా మరిది పేరు చెప్పింది, ఆయన లేడని కూడా చెప్పింది. తన పుట్టింటి ఊరు రాలేదు. నన్ను చూపించి ఎవరంటే, "మా పెద్దావిడ, ఒకటే సణుగుతుంది" అంది.

పోయింది తిరిగి రాలేదని డాక్టరమ్మ చెప్పింది. కానీ కొత్తగా పోయింది లేదు. వరసగా మూడు రాత్రులు ఏదో ఒకటి పోతూ వచ్చాక ఇదే మొదటిసారి. ఆ మాటే కాగితం మీద రాసి ఆవిడ సంతకం చేసింది.

ఆ కాగితం పట్టుకుని పట్టాభి గారు వంటశాలకి వచ్చారు. ఆయన కూడా రాత్రంతా నిద్రలేని మొహంతో ఉన్నారు. "మాణిక్యాంబ గారూ, మీరు చెప్పింది నిజమే. రాజ్యలక్ష్మి గారికి శాశ్వతంగా మినహాయింపు రాసి తెచ్చాను. రేషన్‌తో సహా. ఆమెకి తోడుగా మీకు కూడా. క్లబ్బు మాత్రం ఆపేయండి. ఈసారి పదకొండు మంది. వచ్చే రాత్రి వంద మంది అంటారు. వంద మందికి ఈ కొండలో ఊపిరి లేదు, నేను అబద్ధం చెప్పడం లేదు."

ఆయన అబద్ధం చెప్పడం లేదని నాకూ తెలుసు. నేను ఏం అడిగానో దేవుడు అదే నా చేతిలో పెట్టాడు. గంజి గిన్నె కింద పెట్టి చేతులు తుడుచుకున్నాను. సరేననడానికే తుడుచుకున్నానని ఇక్కడ రాయకపోతే ఈ పుస్తకం దేనికి?

రాజ్యం వెనక బల్ల దగ్గర పచ్చిమిరపకాయలు తొడిమలు తీస్తోంది.

"ఏమయ్యా, మిగతావాళ్లని పడుకోబెట్టి మమ్మల్నిద్దర్నీ మేలుకోమంటావా?" అంది. "పక్షం రోజులు ఈవిడ మొహం నేను, నా మొహం ఈవిడ చూసుకుంటూ కూర్చోవాలా? దాని బదులు ఆ సూదేదో ఇప్పుడే పొడువు."

పట్టాభి గారు బిత్తరపోయారు. "అమ్మా, మీ కోసమే..."

"నా కోసమైతే ఆ ముసలాయన్ని రానియ్యి. మస్తాన్‌కి ఇప్పుడిప్పుడే అడుగు పడుతోంది. నేను లేకపోతే మళ్లీ తప్పుతాడు. గాలి చాలకపోతే వంతులేసుకుని ఊపిరి తీసుకుంటాం, ఆటలో వేసుకోలేదూ? లెక్క నువ్వు చూడు, లెక్కలోళ్లు మీరేగా. మా అక్కకి లెక్కలు రావు, పులుసూ రాదు."

నేను నవ్వానో ఏడ్చానో తెలియదు. రెండూ అయ్యుంటాయి. పట్టాభి గారితో చెప్పాను, నా మామూలు గొంతుతోనే. ఆయన వంగి విన్నారు.

"వచ్చే అష్టమికి తెరుస్తున్నాం బాబూ. మీరు మైకులో ఏం చదువుకున్నా మేం జాగారం ఉంటాం. ఎంతమందికి గాలుందో మీరే చెప్పండి, అంతమందినే తీసుకుంటాం. ఎవరెవరన్నది డాక్టరమ్మ చెబుతుంది, మగత పడనివాళ్లు ముందు. ఆ సంఖ్య సున్నా అని మాత్రం చెప్పకండి, నేను వినను."

ఆయన ఔననలేదు. కాదనలేదు. సంతకం చేసిన మినహాయింపు కాగితం జేబులోనే పెట్టుకుని వెళ్లారు.

రేపట్నుంచి ట్యాంకు గోడ ఇంకో పక్క కూడా కొయ్యాలి. మనుషులు పెరిగితే రెండు తలుపులు చాలవు.

ఈ పేజీలు డాక్టర్ షకీలా గారి దగ్గర పెడుతున్నాను. డాక్టరమ్మా, వీటిని దాచండి, కాల్చొద్దు. నాకు కూడా మతి పోతే, ఇలా జరిగిందని ఎక్కడో ఒకచోట ఉండాలి. కానీ ఎవరికీ చూపించకండి, పట్టాభి గారికి అసలే వద్దు. ఎవరి రేషన్లోంచి ఎవరు గుప్పెడు తెచ్చారో ఇందులో ఉంది. మా ఆయన శనగల సంగతి కూడా ఉంది, అది బయటపడితే ఆయన సిగ్గుతో చస్తారు. రాజ్యానికి కూడా చూపించకండి. తన గురించి ఇంత రాశానని తెలిస్తే జీవితాంతం నన్ను వేధిస్తుంది.